పట్టీ లేని బోల్టు

"నేనే మర్చిపోయానమ్మా. ఎర్తు పట్టీ వెయ్యకుండా బండి ఇచ్చేశాను. ఇంక అడగడానికేముంది?"

ఫ్యూజు ఈ ముక్క నాకు మళ్ళీ మళ్ళీ చెప్పాడు. ప్రతిసారీ అవే మాటలు, అదే వరస. నిజం చెప్పే మనిషి ఒకసారి తల ముందు చెబుతాడు, ఒకసారి తోక ముందు చెబుతాడు. బట్టీపట్టిన పాఠం మాత్రమే ఇంత శుభ్రంగా వస్తుంది.

ఫ్యూజు అంటే కొండ జీపులకి కరెంటు పని చేసే మనిషి. ఆయన అసలు పేరు స్టేషన్ కాగితాల్లో తప్ప ఎక్కడా వినపడదు. కొండ మీదికి జనాన్ని ఎక్కించే జీపుల షెడ్డుకి ఎదురుగా ఆయన కొట్టు. మొన్న పొద్దున కొండ పైన, జనం దిగి ఫొటోలు తీసుకునే చదును మీద, షెడ్డు యజమాని అల్లుడు ఖాళీ జీపుని స్టార్ట్ చేశాడు. అది ఉన్నపాటున ముందుకి ఉరికి, అంచు దాటి బండరాళ్ళ మీద పడింది. అల్లుడు ఇప్పటికీ ఆస్పత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. ముందురోజు ఆ జీపు ఫ్యూజు కొట్లోనే మరమ్మతుకి ఉంది. కిందపడిన బండిని లాగి చూస్తే, ఇంజనుకీ కింది చట్రానికీ మధ్య ఉండాల్సిన రాగి ఎర్తు పట్టీ లేదు. ఫ్యూజు ఆ సాయంత్రమే తప్పు ఒప్పుకున్నాడు. ఈ సాయంత్రం ఆయన్ని కోర్టులో పెడతారు. అల్లుడు పోతే ఆయన బతుకు జైల్లోనే తెల్లారుతుంది.

"బండి ఎన్నింటికి ఇచ్చారు?" అన్నాను.

"ఆరింటికి. అల్లుడుగారే వచ్చి తీసుకెళ్ళారు."

"కొట్టు ముందు ఎన్ని తిప్పులకి స్టార్ట్ అయింది?"

"ఒక్క తిప్పుకే." ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో కాస్త గర్వం కనపడింది.

"పట్టీ లేకుండా ఒక్క తిప్పుకే స్టార్ట్ అయిందా?"

గర్వం మనిషిని ఎక్కడో ఒకచోట పట్టిస్తుంది.

"ఒక్కోసారి అవుతుందిలెండి," అన్నాడు నేల చూస్తూ.

గోడకి చేరబడి వింటున్న ఇన్‌స్పెక్టరు నవ్వాడు. ఆయన మా అక్క మొగుడు. ఇంట్లో నా చేతి వంటకి వంకలు పెడతాడు, బయట నా వృత్తికి వంకలు పెడతాడు.

"డిటెక్టివ్ గారూ, ఒప్పుకున్నవాడి చేత కాదనిపించడానికి డబ్బు తీసుకునే వృత్తి ఈ ఒక్కటే అనుకుంటా."

"ఒప్పుకున్నవాడు దొరికితే వెతకడం మానేసే వృత్తి కూడా ఒక్కటే బావా."

కానిస్టేబుల్ టీ గ్లాసు తెచ్చి ఫ్యూజు ముందు పెట్టాడు. ఫ్యూజు చేతులు తొడల కింద ఉన్నాయి. నేను వచ్చినప్పటి నుంచీ అక్కడే ఉన్నాయి. చలి లేదు, సంకెళ్ళూ లేవు. టీ మీద మీగడ కట్టింది గానీ ఆ చేతులు బయటికి రాలేదు.

"తాగండి," అన్నాను.

"తర్వాత తాగుతాలెండి."

కానిస్టేబుల్ పకపకా నవ్వాడు. "ఈయనకి మహా సిగ్గు మేడమ్. మేం అటు తిరిగితే గానీ తాగడు. అన్నం కూడా అంతే. కొత్త పెళ్ళికూతురే నయం."

ఫ్యూజు చెవులు ఎర్రబడ్డాయి. నాకు విషయం సగం అర్థమైంది. మిగతా సగం స్టేషన్ మెట్ల మీద అన్నం డబ్బా పట్టుకుని కూర్చుని ఉంది.

ఆవిడ ఫ్యూజు భార్య. నిన్న నా దగ్గరికి వచ్చి ఈ కేసు అప్పజెప్పింది ఆవిడే. ఊళ్ళో అందరూ పిన్నీ అంటారు కాబట్టి నేనూ అలాగే పిలుస్తున్నాను. నేను పక్కన కూర్చుని, అడక్కుండానే ఆవిడ కుడిచెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. గోళ్ళ సందుల్లో నల్లటి మడ్డి. వేళ్ళ కణుపుల మీద తోలు లేచిపోయి, కొత్త చర్మం వస్తోంది. వంటింటి చెయ్యి కాదది.

"నిన్న నాతో ఏమన్నారు పిన్నీ? పట్టీ బిగించి, పైన గ్రీజు కూడా రాసుంది అన్నారు. బండి కింద దూరితే తప్ప గ్రీజు సంగతి తెలీదే."

ఆవిడ చెయ్యి లాక్కుని కొంగులో దాచుకుంది. మొగుడూ పెళ్ళాలిద్దరికీ చేతులు దాచుకోవడమే పనైపోయింది.

"రెండేళ్ళయిందమ్మా ఆయనకి చేతులు వణకడం మొదలై," అంది. "స్పానరు పట్టుకుంటే బోల్టు మీద నిలవదు. మందులు వాడాం, తగ్గలేదు. అప్పటి నుంచి కొట్టు షట్టరు సగం దించేస్తాం. ఆయన పక్కన కూర్చుని చెప్తారు, నేను కింద దూరి చేస్తాను. బండి ఇచ్చేటప్పుడు నేను లోపలికెళ్ళిపోతాను. ఊళ్ళో ఎవరికీ తెలీదు. మా అమ్మాయికి కూడా తెలీదు."

"అంటే ఆ పట్టీ..."

"నేనే వేశాను. చట్రం మీద రంగు తెల్లటి ఇనుము కనపడేదాకా గీకాను. పళ్ళ వాషరు వేసి బిగించాను. తుప్పు పట్టకుండా గ్రీజు రాశాను. అది ఊడే బిగింపు కాదమ్మా."

"మరి పోలీసులతో ఆ మాటే చెప్పచ్చుగా."

"ఎలా చెప్పను? నేను బిగించానంటే ఆయన చేతులు వణుకుతాయని చెప్పినట్టేగా. పైగా నన్ను కూడా లోపలేస్తారని ఆయన భయం." ఆవిడ డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టింది. "నన్ను కాపాడుతున్నారో, చేతుల్ని దాచుకుంటున్నారో నాకే తెలీట్లేదు. అడగాలంటే సిగ్గేస్తోంది."

నేను పట్టీ లేకపోతే బండికి ఏమవుతుందో అడిగాను. పని సంగతి వచ్చేసరికి ఆవిడ గొంతు కుదుటపడింది.

"స్టార్టరుకి వెళ్ళిన కరెంటు మళ్ళీ బ్యాటరీకి రావాలి కదా. ఇంజను కూర్చునేది రబ్బరు దిమ్మల మీద. అందుకని దారి ఉండదు. ఆ దారి కోసమే పట్టీ. అది లేకపోతే కరెంటు ఊరుకోదమ్మా, దొరికిన సన్నదారి పట్టుకుంటుంది. యాక్సిలరేటరు కేబులు ఉంటుంది చూడు, అలాంటివాటి గుండా పోతుంది. అవి అంత కరెంటు మొయ్యలేవు. కాలిపోతాయి."

లేచేముందు ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. "ఆయన్ని బయటికి తీసుకురా. కానీ చేతుల సంగతి ఎవరి దగ్గరా ఎత్తకు. మాటివ్వు."

నేను మాటిచ్చాను. ఇచ్చేటప్పుడు నిలబెట్టుకుందామనే అనుకున్నాను.

షెడ్డులో ఆ జీపు ముందుభాగం నలిగి పక్కకి ఒరిగి ఉంది. దాని వెనకాల రెండో జీపు, చెక్కుచెదరకుండా. యజమానిని అందరూ పెద్దాయన అంటారు. అరవై దాటినా నిటారుగా నిలబడతాడు, ఎదుటి మనిషి కూడా నిలబడే ఉండాలని చూస్తాడు. బావ కూడా నా వెంటే వచ్చాడు. నేనేం చేస్తానో చూడాలని సరదా అట.

"ప్రమాదం రోజు పొద్దున ఇక్కడి నుంచి ఎన్నింటికి బయల్దేరింది?" అన్నాను.

"ఏడింటికి బయల్దేరాలి. ఎనిమిది దాటింది," అన్నాడు పెద్దాయన. "స్టార్ట్ అవదే. మా అల్లుడు తాళం తిప్పుతూనే ఉన్నాడు. జనం ఎక్కి కూర్చున్నారు. పిల్లలు నవ్వుతున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. నీకు బండి తియ్యడం కూడా రాదా, నా కూతుర్ని ఎందుకిచ్చాన్రా నీకు అన్నాను. అప్పటికి అంటుకుంది."

"అందరి ముందూ అన్నారా?"

"మరి చాటుగా అంటే ఎక్కుతుందా?"

"రాత్రి బండి ఎక్కడుంది?"

"ఇక్కడే. షెడ్డుకి తాళం వేసి, తాళంచెవి మా ఇంట్లో పెడతాం."

నేను బండి కిందికి దూరాను. బావ టార్చి పట్టుకుని వంగాడు. చట్రం మీద పట్టీ ఉండాల్సిన చోట ఒక బోల్టు ఉంది, పట్టీ లేదు. బోల్టుని వేళ్ళతో తిప్పితే తిరిగింది. స్పానరు అవసరమే రాలేదు. దాన్ని తీసి చూశాను. బోల్టు చుట్టూ రూపాయంత మేర రంగు గీకేసి ఉంది. తెల్లటి ఇనుము, దాని మీద గ్రీజు. గ్రీజు తుడిస్తే ఇనుములో వాషరు పళ్ళు దిగిన గుర్తులు గుండ్రంగా కనపడ్డాయి. పిన్ని చెప్పింది చెప్పినట్టు ఉంది.

"చూశావా బావా? పళ్ళు ఇనుములోకి దిగాయంటే ఇక్కడ పట్టీ గట్టిగా బిగించారు. మర్చిపోలేదు. తర్వాత ఎవరో ఊడదీశారు."

"పడ్డప్పుడు ఊడిపోయి ఉండచ్చు."

"ఊడిపోయింది తన బోల్టు తనే మళ్ళీ పెట్టుకుందా? తీసినవాడు బోల్టుని చేత్తో తిరిగి పెట్టాడు. దొంగ ఇల్లు దోచుకుని తలుపు గడియ పెట్టి వెళ్ళాడంటే ఏంటి? మళ్ళీ వచ్చే పనుంది. పట్టీ తిరిగి పెట్టేద్దామనుకున్నాడు వాడు. చంపే ఉద్దేశం ఉన్నవాడికి బోల్టు మీద అంత శ్రద్ధ ఎందుకు?"

బావ గడ్డం గోక్కున్నాడు. నచ్చని మాటలో బలం కనపడితే ఆయన గోక్కునేది గడ్డమే.

"సరే. పట్టీ లేకపోతే బండి స్టార్ట్ అవదు. అంతేగా? అంచు మీంచి ఎందుకు దూకుతుంది?"

నేను బానెట్ వైపు తీసుకెళ్ళి యాక్సిలరేటరు కేబులు చూపించాను. పైన నల్లటి తొడుగు ఉబ్బి, కొన్నిచోట్ల కారి, గట్టిపడి ఉంది. లోపలి తీగ లాగితే రాలేదు. "స్టార్టరు కరెంటంతా పొద్దున గంటసేపు దీని గుండా పోయింది. తొడుగు కరిగింది. కొండ పైన మళ్ళీ స్టార్ట్ చేసేసరికి తీగని పట్టేసింది. యాక్సిలరేటరు తొక్కినచోటే ఉండిపోయింది."

"అలాగైతే ఇంజను ఆపెయ్యచ్చుగా. పాత డీజిలు బండి. తాళం తిప్పితే ఆగదని నాకూ తెలుసు. కానీ డ్యాష్‌బోర్డు కింద గుబ్బ ఉంటుంది, లాగితే చచ్చినట్టు ఆగుతుంది."

"లాగి చూడు."

ఆయన లాగాడు. గుబ్బ ఊడి చేతిలోకొచ్చింది, తీగ రాలేదు. అదీ కేబులే, అదీ ఇంజను దాకా పోయేదే. రెండూ ఒకే పొద్దున కాలాయి. బావ ఆ గుబ్బని అటూ ఇటూ తిప్పి చూశాడు. నేను గెలిచాననుకున్నాను.

"బాగుంది మరదలా. కానీ ఆరింటి నుంచి తెల్లారేదాకా బండి ఈయన షెడ్డులో ఉంది. తాళంచెవి ఈయనింట్లో ఉంది. అంటే ఇంట్లోవాళ్ళే తీశారంటావు."

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అందుకే నిన్ను తొందరపడొద్దంటున్నా."

పెద్దాయన గొంతు పైకి లేచింది. "మా ఇంటివాళ్ళని ఆడిపోసుకోడానికొచ్చావా అమ్మాయ్? ఎవడో తాగుబోతు మర్చిపోయి..."

"ఆయన తాగడు," అన్నాను.

"సంతకం పెట్టాడుగా," అన్నాడు బావ. "నువ్వు గీతలు చూపిస్తావు, గ్రీజు చూపిస్తావు. అవి ఈ మరమ్మతువో, పోయిన ఏడాదివో? నా దగ్గర మనిషి ఉన్నాడు, మాట ఉంది. మా మామగారు నీ చదువుకి దండగ పెట్టారని మీ అక్క ఊరికే అనదు."

అక్క ఆ మాట అని ఉండదు. అన్నా అనకపోయినా నాకు ఒళ్ళు మండింది. మండినప్పుడు నాలుక నాది కాదు.

"ఆ మనిషిని ఇక్కడికి పిలిపించు. ఈ బోల్టు బిగించి చూపించమను. చేతకాదు ఆయనకి. ఆయన బిగించలేదు, మర్చిపోనూ లేదు."

అనేశాక గానీ నాకు మెట్ల మీద ఇచ్చిన మాట గుర్తు రాలేదు. కాదు, అది అబద్ధం. గుర్తొచ్చింది. గుర్తొచ్చాకే అన్నాను.

స్టేషన్ వీధి చివరే. కానిస్టేబుల్ ఫ్యూజుని సంకెళ్ళతో తీసుకొచ్చాడు. షెడ్డు డ్రైవర్లు, క్లీనర్లు చుట్టూ చేరారు. వాళ్ళందరి బళ్ళూ ఆయన కొట్లో బాగుపడ్డవే. బావ సంకెళ్ళు తీయించి, స్పానరు ఇచ్చి, బోల్టు చూపించాడు.

ఫ్యూజు నా వైపు చూశాడు. ఎవరు చెప్పారో, నేను ఏం చేశానో ఆయనకి ఆ ఒక్క చూపులో తెలిసిపోయింది. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. స్పానరు చివర గాల్లో గిలగిలలాడింది. బోల్టు తలకి తగిలింది, జారింది, మళ్ళీ తగిలింది. రెండో చేత్తో మొదటి చేతిని పట్టుకున్నాడు. రెండూ వణికాయి. స్పానరు నేల మీద పడి ఖంగుమంది.

ఎవడో కిసుక్కున నవ్వాడు. తర్వాత పెద్దాయన బాహాటంగా నవ్వాడు. "ఇన్నాళ్ళూ నా బళ్ళు ఈ చేతుల్లో పెట్టానా? గంజి తాగడానికైనా పనికిరావే ఇవి."

ఫ్యూజు స్పానరు తీసుకోవడానికి కూడా వంగలేదు. చొక్కా అంచుతో చేతులు కప్పుకున్నాడు. నాకు అక్కడ నిలబడటం కష్టమైంది. నన్ను నమ్మి ఒక ఇల్లాలు చెప్పుకున్న సంగతిని నేను పదిమంది ముందు బట్టలిప్పి నిలబెట్టాను. కేసు గెలుస్తున్నాను కదా అని మనసుకి చెప్పుకున్నాను. అది కూడా ఎంతోసేపు నిలవలేదు.

"చూశావుగా బావా. ఈయన బిగించలేడు."

"చూశాను." బావ మొహంలో నవ్వు లేదు. "వణికే చేతులున్నవాడు, ఆ సంగతి దాచిపెట్టి, జనం ఎక్కే బళ్ళు ముట్టుకున్నాడు. మర్చిపోవడం పొరపాటు. ఇది తెలిసి చేసింది. కేసు నువ్వే గట్టిపరిచావు, థాంక్స్."

పట్టీ వేసింది పిన్ని అని చెబితే ఆవిడకీ సంకెళ్ళు పడతాయి. చెప్పకపోతే ఆయనకి పడ్డవి ఊడవు. అడుసు తొక్కాను, కాలు కడుక్కోవడానికి నీళ్ళు లేవు.

పోయిన పరువు కోసం మనిషి ఇంకో తప్పు చేస్తాడు. నేనూ చేశాను.

"ఒక్కటి చెప్పు," అన్నాను. "ఆ చదును మీద జీపు ఎలా నిలిపారు? అంచుకి ముఖం పెట్టా, వీపు పెట్టా? క్లచ్ తొక్కేలోపే అంచు వచ్చేసిందంటే ఎంత దగ్గర నిలిపారు? నువ్వు అక్కడికి వెళ్ళావా అసలు? వెళ్ళకుండా కోర్టుకెళ్తే లాయరు నిన్ను నమిలేస్తాడు. ఇంకో జీపు తీసుకెళ్ళి, అంచుకి ముఖం పెట్టి, సరిగ్గా అక్కడ నిలిపి చూడు."

ఆయన పోలీసు బండికి ఆ దారి ఎక్కే సత్తా లేదని నాకు తెలుసు. అందుకే ఆయన ఇంతవరకూ అక్కడికి వెళ్ళలేదు. ఆయన మొహం ముడుచుకుంది.

"వెళ్దాం. వీణ్ణి కూడా తీసుకెళ్దాం. కోర్టుకి ఇంకా టైముంది," అన్నాడు. "పెద్దాయనా, రెండో బండి తియ్యండి."

"నేనే నడుపుతా," అన్నాడు పెద్దాయన. "మా ఇంట్లో కొండకి భయపడేవాడు ఎవడూ లేడని మీకూ తెలియాలి."

రెండో జీపు వెంటనే కదల్లేదు. స్టార్టరు మూలిగి మూలిగి అందుకుంది. మూడు రోజులు నిలబడిపోయిందిగా, బ్యాటరీ దిగింది అన్నాడు పెద్దాయన. అందరం తలలూపాం. ఫ్యూజు మాత్రం వెనక సీట్లోంచి ఏదో అనబోయాడు. కానిస్టేబుల్ సంకెళ్ళు మళ్ళీ బిగిస్తూ, నోరు ముయ్యమన్నాడు. జీపు పొగ వదిలి కొండ దారి పట్టింది.

నేను ఉండిపోయాను. పెద్దాయన లేనప్పుడు మాట్లాడాల్సిన మనిషి ఇంట్లో ఉంది.

ఆయన కూతురు ఆస్పత్రి నుంచి బట్టల కోసం వచ్చింది. మంచం మీద మొగుడి చొక్కాలు మడతపెడుతోంది. మడత పెట్టిందే విప్పి మళ్ళీ పెడుతోంది. నన్ను చూసి, కూర్చోక్కా అంది.

"ప్రమాదానికి ముందురోజు రాత్రి షెడ్డు తాళంచెవి ఎవరు తీశారు?"

"మా ఇంట్లో ఎవరూ తియ్యలేదు."

"తీసినవాళ్ళకి చంపాలని లేదని నాకు తెలుసు. బండి స్టార్ట్ కాకుండా ఉంటే చాలనుకున్నారు. ఒక్కరోజు కొండ ఎక్కకుండా ఉంటే చాలనుకున్నారు. కొండ ఎక్కడం ఎవరికి ఇష్టం లేదమ్మా ఈ ఇంట్లో?"

ఆమె చేతిలో చొక్కా ఆగింది. నాకు ఇంకో దారి తెలియలేదు. తెలిసిన దారి అంతకుముందే ఒకసారి తొక్కాను కాబట్టి రెండోసారి తేలికైంది. అదే నాకు ఎక్కువ సిగ్గనిపించింది.

"ఫ్యూజు చేతులు వణుకుతాయి. ఆయన పెళ్ళాం రెండేళ్ళు ఎవరికీ తెలీకుండా దాచింది. ఇవాళ మీ నాన్న అందరి ముందూ నవ్వాడు. నువ్వు నోరు విప్పకపోతే ఆయన ఆ చేతులతోనే జైల్లో అన్నం తినాలి. అక్కడ ఎవరూ అటు తిరగరు."

ఆమె చొక్కాలో మొహం దాచుకుని ఏడ్చింది. ఏడుపులోంచే మాటలు వచ్చాయి.

"వానాకాలంలో ఒకసారి బండి నిండా జనంతో జారిందక్కా. చక్రం అంచు మీద ఆగింది. అప్పటి నుంచి ఆయనకి రాత్రిళ్ళు నిద్ర లేదు. కొండ ఎక్కాలంటే కాళ్ళు చచ్చుబడేవి. నాన్నతో చెప్పమన్నాను. మీ నాన్న నన్ను మగాడిగా చూడడు అన్నారు. ఆయనే పట్టీ తీసేవారు. బండి మొరాయిస్తే ఆ రోజుకి గండం గడిచేది. మర్నాడు మళ్ళీ పెట్టేసేవారు. ఫ్యూజు బాబాయి పని బాలేదని నాన్న తిట్టేవారు. మేం వింటూ ఊరుకునేవాళ్ళం."

"నీకు తెలిసి కూడా ఊరుకున్నావా?"

"మొగుడు పిరికివాడని ఊరికి చెప్పుకోమంటావా?" అంది. చొక్కా పక్కన పెట్టి, "ఇప్పుడు చెప్తాను. నాన్న ముందే చెప్తాను," అంది.

లేచి బీరువా తెరిచింది. దుప్పట్ల కింద నుంచి తువ్వాలు మూట తీసి మంచం మీద విప్పింది. అల్లిన రాగి పట్టీ, కొత్తది, చివర్లకి ఇంకా గ్రీజు. ఫ్యూజు విడుదల అది. నేను ఊపిరి పీల్చుకుని చెయ్యి చాపాను. తువ్వాలు మడతలో ఇంకోటి ఉంది. పాతది, నల్లబడింది.

"ఇదెక్కడిది?"

"అదా? అది రెండో బండిది. ఈ బండి కదలకపోతే నాన్న ఆ బండి తియ్యమంటారు కదా. అందుకని ఆ రాత్రి రెండూ తీసేశారు."

నేను ఫోను తీశాను. బావ చాలాసేపటికి ఎత్తాడు. గాలి హోరు.

"చెప్పు. నీ ప్రయోగమే చేస్తున్నాం. అంచుకి ముఖం పెట్టి నిలిపి ఇంజను ఆపాం. ఇప్పుడేమో స్టార్ట్ అవట్లేదు. ఎంతసేపటి నుంచో తిప్పుతున్నారు. ఏదో కమురు వాసన కూడా..."

"బావా, దిగండి. అందరూ దిగండి. తాళం ముట్టుకోవద్దను."

"ఏంటీ? వినపడట్లేదు. ఇక్కడ ఫ్యూజు కూడా ఒకటే గోల, దిగండి దిగండి అని. సంకెళ్ళు ఊపుతున్నాడు. వణికే చేతులవాడి మాట ఎవడు వింటాడు అంటున్నారు పెద్దాయన."

"ఆయన మాట విను. బావా, ఆయన మాట విను."

వెనకాల స్టార్టరు మూలిగింది, మళ్ళీ మూలిగింది, ఇంజను అందుకుంది. పెద్దాయన ఏదో గర్వంగా అనడం వినపడింది. ఇంజను చప్పుడు పెరిగింది. పెరుగుతూనే ఉంది, ఎంతకీ తగ్గలేదు. బావ గొంతు ఆ చప్పుడులో కలిసిపోయింది.

పెద్దాయన కూతురు నా మొహంలోకి చూస్తోంది. "నాన్న కదా నడుపుతోంది? ఎక్కడ నిలిపారక్కా బండిని?" అంది.

ఎక్కడ నిలపాలో చెప్పింది నేనే.